రెండు రోహిణులు

మే 25 దాటితే పల్నాడులో ఎండ ఎంతుందని ఎవరూ డిగ్రీల్లో చెప్పుకోరు. "రోణికార్తె వచ్చేసింది" అంటారు. వినేవాడికి ఇంకేమీ అక్కర్లేదు. రెంటచింతల వేడి పేపర్లో పడేదీ, పెదకూరపాడు నల్లరేగళ్లు నెర్రెలు విచ్చేదీ, రోళ్లు పగులుతాయన్న సామెత మళ్లీ చలామణీలోకి వచ్చేదీ ఆ రెండు వారాల్లోనే. పల్నాటి ఎండనూ జొన్నకూడునూ ఎత్తిపొడిచిన చాటువులు శ్రీనాథుడి పేరు మీద తిరుగుతున్నాయి కాబట్టి ఈ ఫిర్యాదుకు సాహిత్య గౌరవం కూడా ఉంది.

సామెతను ఒక్కసారి విప్పి చూడండి. రోహిణికి రోళ్లు పగులుతాయి, మృగశిరకు ముంగిళ్లు చల్లబడతాయి. రాతిరోలు నిజంగా పగులుతుందా అని భౌతికశాస్త్రం తిరగేయక్కర్లేదు. 'రో'కు 'రో' తగిలింది, 'మృ'కు 'ము' తగిలింది, సామెత నిలబడిపోయింది. తెలుగువాడి చెవి యతికి అలవాటు పడ్డ చెవి. ఈ ప్రాసలో మనం గమనించకుండా దాటిపోయేది ఒకటుంది. రోహిణి అన్న మాటలో వేడి లేదు. ఆ వేడి మనం అంటించింది. పక్కనున్న కన్నడ రైతు ఇవే రోజులను 'రోహిణి మళె' అంటాడు, అంటే రోహిణి వాన. ఆయన కళ్లు విత్తనాల మీద, మన కళ్లు రోటి మీద. చుక్క మాత్రం ఒకటే.

మరి ఆ మాటలో ఉన్నదేమిటి? రంగు. ఎరుపు.

సంస్కృతంలో రోహితమంటే ఎర్రనిది. దాని స్త్రీలింగ రూపం రోహిణి. హరితానికి హరిణి అయినట్టే ఇదీ. రంగును చెప్పే పదం చివర 'త' ఉంటే స్త్రీలింగంలో అది 'న'గా మారవచ్చని పాణిని ఒక సూత్రమే పెట్టాడు. అష్టాధ్యాయి నాలుగో అధ్యాయం మొదటి పాదంలో ఉంది. కాబట్టి రోహిణి అంటే ఎర్రావు, ఎర్రజింక, ఎర్రచుక్క, ఏదైనా కావచ్చు. ఐతరేయ బ్రాహ్మణంలో ప్రజాపతి కూతురు ఎర్రలేడి రూపమెత్తడం, అతను మృగమై వెంటపడడం, ఆ కథంతా ఆకాశంలో రోహిణిగా, మృగంగా, మృగవ్యాధుడిగా నిలిచిపోవడం ఈ జింక అర్థం మీద కట్టినవే. 'రుహ్' ధాతువు నుంచి వచ్చిందని, పైకెక్కేది, మొలిచేది అని ఇంకో వ్యుత్పత్తీ చెబుతారు. ఆరోహణ, అవరోహణ ఆ ధాతువు పిల్లలే. విత్తనాల కాలానికి ఇది బాగా అతుకుతుంది గానీ, బాగా అతికే వ్యుత్పత్తులను కొంచెం దూరం పెట్టడమే మంచిది. ఆకాశం వైపు చూసినవాడికి ముందు కనిపించేది రంగు.

రేఫకు లకారం వస్తే రోహితం లోహితమవుతుంది. లోహమన్న మాటకూ మూలం ఇక్కడే. మొదట్లో అది ఎర్రలోహానికి, అంటే రాగికి పేరు. కుజుడికి లోహితాంగుడని పేరు, ఎర్రని ఒళ్లు కలవాడు. అంటే మన పాతవాళ్లు ఒక గ్రహాన్నీ ఒక నక్షత్రాన్నీ ఒకే రంగుమాటతో పిలిచారు. ఇది మనసులో పెట్టుకోండి, కాసేపట్లో గ్రీకులూ ఇదే పని చేస్తారు.

ఇప్పుడు కార్తె సంగతి. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే అది ఆ కార్తె. ఏడాదికి ఇరవై ఏడు, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణికార్తె అంటే సూర్యుడు రోహిణి పక్కన ఉన్నాడని అర్థం. జూన్ మొదటి రోజుల్లో అతను దాదాపు ఆ చుక్క మీదుగానే పోతాడు. సూర్యుడి పక్కనున్న చుక్క కనిపించదు. కనుక రోహిణికార్తెలో రాత్రంతా మేలుకుని వెతికినా రోహిణి దొరకదు. మనం రెండు వారాల పాటు ఎవరి పేరు జపిస్తామో ఆమె ఆ రెండు వారాలూ ఆకాశంలో లేదు. కార్తె పేరు పెట్టడమంటేనే, ఇప్పుడు కనిపించకుండా పోయినదెవరో చెప్పడం.

మాసాల పేర్ల పద్ధతి ఇందుకు సరిగ్గా ఎదురు. పున్నమినాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ పేరు మాసానికి. చిత్త దగ్గర అయితే చైత్రం, కృత్తిక దగ్గర అయితే కార్తికం. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కాబట్టి మాసానికి పేరిచ్చే నక్షత్రం ఆ రోజుల్లో రాత్రంతా కనిపించేది. రోణి ఎండలు కాసే రోజుల్లోనో, వాటిని ఆనుకునో వచ్చే మాసం జ్యేష్ఠం. పెదకూరపాడు చేలగట్టు మీద నిలబడి అర్ధరాత్రి దక్షిణం వైపు చూస్తే, నేలకూ నడినెత్తికీ మధ్యన, సగానికి కొంచెం పైగా, ఎర్రగా మెరిసే పెద్ద చుక్క ఒకటుంటుంది. వృశ్చికం గుండెలో ఉన్న చుక్క. అదే జ్యేష్ఠ. గ్రీకుల పేరు అంటారెస్. పగటికి ఒక ఎర్రచుక్క పేరు, రాత్రికి ఇంకో ఎర్రచుక్క పేరు. ఒకే ఋతువుకు మన రైతు రెండు వైపుల నుంచీ పేరు పెట్టుకున్నాడు. కార్తె లెక్క సూర్యుడిది, పున్నమి లెక్క చంద్రుడిది. ఎండకు రోహిణిని తలుచుకుని, ఏరు కట్టడానికి జ్యేష్ఠ పున్నమి దాకా ఆగుతాడు. ఏరువాక పున్నమి అదే.

2026 మే 31 నాటి పున్నమి దీనికి చక్కని ఉదాహరణ. సూర్యుడు రోహిణి పక్కన, చంద్రుడు జ్యేష్ఠ పక్కన, ఇద్దరూ ఎదురెదురుగా. కాకపోతే ఆ ఏడు జ్యేష్ఠమే అధికమాసం కావడంతో ఏరువాక ఇంకో నెల జరిగింది. పంచాంగం ఎప్పుడూ ఇంతే, ఆకాశం ఒప్పుకున్నా అది ఒక మెలిక పెడుతుంది.

అసలు సంగతికి వస్తాను. తెలుగునాట వేదం చదువుకున్నవాళ్లలో ఎక్కువమంది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖవాళ్లు. వాళ్లు నోటితో నిలుపుకున్న తైత్తిరీయ సంహిత నాలుగో కాండంలో నక్షత్రాల వరుస ఉంది. అది కృత్తికలతో మొదలవుతుంది. వెంటనే రోహిణి, దేవత ప్రజాపతి. మృగశీర్షం, ఆర్ద్ర అలా సాగుతూ అనూరాధల దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత మనం ఎదురుచూసేది జ్యేష్ఠ. అక్కడ వినిపించేది మళ్లీ రోహిణే, దేవత మాత్రం ఇంద్రుడు. ఒకే వరుసలో ఒకే పేరు రెండుసార్లు. లేఖకుల పొరపాటనడానికి వీల్లేదు, అది వల్లెవేసి నిలుపుకున్న పాఠం. దేవతలు కూడా వేరువేరు. అంటే ఒక కాలంలో మనవాళ్లకు రెండు రోహిణులు ఉన్నారు. ప్రజాపతి రోహిణి, ఇంద్రుడి రోహిణి. రెండూ ఎర్రచుక్కలే కాబట్టి రెండూ రోహిణులే.

ఈ రెండు చుక్కలూ ఆకాశంలో ఎక్కడున్నాయో చూస్తే ఈ జతపేరు ఇంకా ముచ్చటేస్తుంది. సూర్యుడు నడిచే దారిలో కొలిస్తే వాటి మధ్య దూరం 180 డిగ్రీలు, తేడా ఉంటే డిగ్రీలో చిన్న ముక్క. విషువత్తులు వెనక్కి జరిగినా ఈ ఎదురుబొదురు మారదు, రెండూ కలిసే జరుగుతాయి. ఒకటి తూర్పున పొడిచే వేళకు రెండోది పడమట కుంగుతుంది. పెదకూరపాడు ఉన్నది 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. ప్రజాపతి రోహిణి, అంటే అరబ్బులు కృత్తికలను వెంబడించేదని అల్‌దబరాన్ అన్న చుక్క, ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగా 16.5 డిగ్రీల దగ్గరే ఉంది. కాబట్టి ఈ కాలంలో అది పెదకూరపాడు సరిగ్గా నడినెత్తి మీదుగా పోతుంది. వేల ఏళ్ల కిందట ఇలా లేదు, ఇది మన కాలపు అదృష్టం. ఎప్పుడు చూడాలంటారా? డిసెంబరు మొదట్లో, అర్ధరాత్రికి. పత్తి తీతలు సాగుతూ, మిరప తోటలు కాపు మీద ఉండే రోజులు. అప్పుడు నడిచే కార్తె ఏదో తెలుసా? జ్యేష్ఠ కార్తె. సూర్యుడు అప్పుడు వృశ్చికం గుండె దగ్గర ఉంటాడు. ఎండాకాలంలో రోహిణి దాక్కుని జ్యేష్ఠ కనిపించినట్టే, చలికాలంలో జ్యేష్ఠ దాక్కుని రోహిణి నెత్తికెక్కుతుంది. పాత పేర్లతో చెబితే, ఒక రోహిణి కార్తెలో ఇంకో రోహిణిని చూస్తాం, ఆరు నెలలకోసారి వంతులు మారుస్తూ.

మరి రెండో రోహిణి జ్యేష్ఠ ఎలా అయింది? ఒకే వరుసలో రెండు ఒకే పేర్లు వాడుకకు చిక్కే, ఒకదాన్ని మార్చక తప్పదు. కానీ వచ్చిన కొత్త పేరు మామూలు పేరు కాదు. అథర్వవేదంలో, తైత్తిరీయ బ్రాహ్మణంలో కనిపించే రూపం జ్యేష్ఠఘ్ని. పెద్దను చంపేది. దేవాసుర యుద్ధంలో ఎదుటివాళ్లలో పెద్దవాణ్ణి హతమార్చిన జ్ఞాపకంగా బ్రాహ్మణం దాన్ని వివరిస్తుంది. అథర్వవేదంలోని ఒక సూక్తమైతే ఆ నక్షత్రంలో పుట్టిన బిడ్డను కాపాడమని వేడుకోవడమే. తర్వాత 'ఘ్ని' రాలిపోయి జ్యేష్ఠ మిగిలింది. అర్థం పెద్దది, అన్నిటికన్నా మిన్న. తోక పోయింది గానీ భయం పోలేదు.

ఆ భయం మన ఇళ్లలో ఇంకా ఉంది. మూల మామకు, ఆశ్లేష అత్తకు, విశాఖ మరిదికి, జ్యేష్ఠ బావగారికి అంటారు. జ్యేష్ఠలో పుట్టిన పిల్ల అడుగుపెడితే మొగుడి అన్నకు గండమట. సంబంధాలు మాట్లాడే చోట ఈ మాట వినపడని ఊరు పల్నాడులోనే కాదు, ఆంధ్రదేశంలోనే అరుదు. ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి: పెద్దను చంపేది అన్న సమాసంలో పెద్ద ఎవరు? అసురుల్లో పెద్దవాడు పోయి, ఇంట్లో పెద్దబావ అయి కూర్చున్నాడు. చుక్కకు ఇందులో ఏ పాత్రా లేదు. షష్ఠీ తత్పురుషమో ఉపపద సమాసమో వ్యాకరణంవాళ్లు తేల్చుకోవలసిన పదం, ఒక పిల్ల జాతకంలో దోషమై పెళ్లి ఆపుతోంది. తొలిచూలు అబ్బాయికి తొలిచూలు అమ్మాయినిచ్చి జ్యేష్ఠమాసంలో ముడిపెట్టకూడదనే మూడు జ్యేష్ఠల లెక్కా ఈ పదం చుట్టూ అల్లుకున్నదే. చదువుకున్నవాళ్లు కూడా దీనికి తలూపడం నాకు మింగుడుపడదు.

ఇంకో జ్యేష్ఠ కూడా ఉంది. పాలసముద్రం చిలికినప్పుడు లక్ష్మి కన్నా ముందు పుట్టిన అక్క, కాకి జెండా, గాడిద వాహనం ఉన్న దేవత. తెలుగులో ఆమెను పెద్దమ్మ అంటారు. నక్షత్రం వేరు, దేవత వేరు. అయినా పేర్లు కలిస్తే కీడు ఒకదాన్నుంచి ఇంకోదానికి జారుతుంది. నిజానికి 'పెద్ద' అన్నది మన భాషలో ఎంత మర్యాదమాట! ఊళ్ల పేర్లలో 'పెద' అయి ముందు కూర్చుంటుంది, పెదకూరపాడులో కూర్చున్నట్టు. (చివరి పాడు శిథిలమైనది అనే పాడు కాదు, గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో ఊరు అనే అర్థంలో కొల్లలుగా కనిపించే పాడు.) పెదకూరపాడులో గౌరవమైన మాట సంస్కృతంలోకి తిరగేస్తే అరిష్టం కావడం పదానికి పట్టిన దశ అనుకోవాలి.

ఇక్కడొక అతిశయాన్ని కూడా పక్కన పెట్టాలి. అంటారెస్ నిజంగానే మహాకాయం. వ్యాసం సూర్యుడికి దాదాపు 680 రెట్లు. సూర్యుడి చోట దాన్ని పెడితే భూమి కక్ష్యనే కాదు, కుజుడి కక్ష్యను కూడా మింగేసి అవతలికి పోతుంది. ఇది తెలిసిన దగ్గర్నుంచి, మన ఋషులకు ముందే తెలుసు, అందుకే జ్యేష్ఠ అన్నారు అనే ఉపన్యాసాలు మొదలయ్యాయి. కంటికి చుక్కే తప్ప కొలత తెలియదు. వాళ్లు చూసింది రంగు, ఆ రంగును నిజాయతీగా రోహిణి అన్నారు. ఆ గౌరవం చాలు. గ్రీకులు చేసిందీ అదే. వాళ్ల యుద్ధదేవత ఆరెస్ మన కుజుడు. ఆరెస్‌కు పోటీ వచ్చేది, ఆరెస్‌లా ఉండేది అంటారెస్. మనం లోహితాంగుడు, రోహిణి అని ఒక్క వేరుతో చెప్పినదాన్ని వాళ్లు పోలికగా చెప్పారు. చీనావాళ్లు దాన్ని మహాగ్ని అన్నారు, అరబ్బులు తేలు గుండె అన్నారు. తమాషా ఏమిటంటే కుజుడికి పోటీ అని పేరు పెట్టిన చుక్కలో కుజుడి దారి మొత్తం పట్టేస్తుంది.

ఆ ఎరుపుకు కారణం చల్లదనం. పైపొర వేడి సుమారు 3,600 కెల్విన్లు; సూర్యుడిది దగ్గర దగ్గర 5,800. పొయ్యిలో నిప్పు ఎర్రగా ఉన్నప్పటి కన్నా తెల్లబడినప్పుడు వేడెక్కువని కొలిమి దగ్గర కూర్చున్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. నడినెత్తి రోహిణిదీ అదే తీరు, సుమారు 3,900. కాకపోతే అది చిన్నది, సూర్యుడికి 45 రెట్లు మాత్రమే, 65 కాంతి సంవత్సరాల దూరంలో మన పొరుగునే ఉంది. జ్యేష్ఠ సుమారు 550 కాంతి సంవత్సరాల అవతల. ఈ రాత్రి మనకు అందే దాని వెలుగు బయల్దేరింది శ్రీనాథుడి తర్వాతి తరాలవాళ్లు పల్నాటి ఎండను తిట్టుకుంటున్న రోజుల్లో.

జ్యేష్ఠ ఒంటరి కాదు, జంట. పెళ్లిపందిట్లో అరుంధతిని చూపించే జాతికి జంటచుక్కలు కొత్త కాదు, అయితే అక్కడ రెండూ కంటికే ఆనుతాయి. జ్యేష్ఠ తోడు అలా దొరకదు. రెంటి మధ్య ఎడం మూడు ఆర్క్‌సెకన్లకు లోపు, డిగ్రీని 3,600 ముక్కలు చేస్తే మూడు ముక్కలు కూడా కాదు. పెద్దదాని వెలుగులో చిన్నది మునిగిపోతుంది. 1819 ఏప్రిల్ 13న చంద్రుడు జ్యేష్ఠను కప్పి వదిలేటప్పుడు, యోహాన్ టోబియాస్ బ్యూర్గ్ అనే ఆస్ట్రియా ఖగోళవేత్తకు పెద్దచుక్క కన్నా ముందు ఒక చిన్నచుక్క క్షణంపాటు కనిపించింది. గాలి చేసిన మాయ అని చాలామంది కొట్టేశారు. దాన్ని దుర్భిణిలో తేటగా చూసినవాడు జేమ్స్ విలియం గ్రాంట్, స్కాట్లండువాడు. 1844 జూలై 23న. ఎక్కడి నుంచి? మన దేశం నుంచే. వృశ్చికం స్కాట్లండులో దిక్చక్రానికి అంటుకుని పోతుంది, ఇక్కడ ఆకాశంలో ఎత్తుగా నిలుస్తుంది. ఇంకో నాలుగేళ్లు వెనక్కి, 1840లోనే గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలో సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నాడు. జ్యేష్ఠ తోడును కనిపెట్టిన కీర్తి ఒక తెలుగు జమీందారుకు దక్కడానికి ఆకాశం వైపు నుంచి ఏ అడ్డూ లేదు.

చంద్రుడు కప్పగలిగిన పెద్దచుక్కలు నాలుగే: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. దక్షుడి ఇరవై ఏడుగురు కూతుళ్లలో రోహిణి మీదే చంద్రుడికి మోజని పురాణం. చుక్కల లెక్కలో అతను ఇంకో రోహిణి దగ్గరికీ వెళ్లొస్తుంటాడు. 2023లో మొదలైన జ్యేష్ఠ ఆచ్ఛాదనల వరుస 2028 దాకా సాగుతుంది.

ఆ తోడుచుక్క రంగు నీలితెలుపు, చాలా వేడిది. పెద్దదాని ఎరుపు పక్కన కళ్లు మోసపోయి చాలామందికి ఆకుపచ్చగా కనబడుతుంది. పేరు మాత్రం దానికి లేదు. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2016లో చుక్కల పేర్లు ఖరారు చేయడం మొదలుపెట్టినప్పుడు, జంటల్లో పేరు ఎక్కువ వెలుగున్నదానికే అని తీర్మానించింది. అంటారెస్ అంటే ఎర్రదే. రెండోది అంటారెస్ బి, దస్తావేజులో రెండో పార్టీలా.

తెలుగులో పేరు పెట్టాలంటే చాలామంది నోటికి వచ్చేది కనిష్ఠ. జ్యేష్ఠకు జోడి కదా. ఆ పేరు నేను ఒప్పుకోను. జంటచుక్కలు ఒకే మేఘంలో దాదాపు ఒకేసారి పుడతాయి. ఇందులో అక్కాచెల్లెళ్లు లేరు. బరువైనది ఇంధనాన్ని వేగంగా కాల్చుకుని ముందు ఉబ్బి, ముందు ఎర్రబడింది; తేలికైనది ఇంకా తెల్లగా కాలుతోంది. పెద్దరికంలా కనిపించేది వయసు కాదు, దుబారా. ఇద్దరి వయసూ కోటి ఏళ్లకు కొంచెం పైన. నిజంగా వయసే కొలిస్తే పెదకూరపాడు నెత్తి మీది రోహిణికి దాదాపు 600 కోట్ల ఏళ్లు, రెండు రోహిణుల్లో జ్యేష్ఠ అదే. కాబట్టి కనిష్ఠ, అనుజ, చెల్లి వద్దు. అన్నదమ్ముల భార్యలను, ఎవరి వయసు ఎంతైనా, తోడికోడళ్లు అనే మాట మనకుంది. ఆ 'తోడు' సరిపోతుంది. అంటారెస్ బి ని నేను జ్యేష్ఠ తోడుచుక్క అనే రాస్తున్నాను.